గంటల మేక రాజయిందా, లేదా

గ్రంథాలయం, పిల్లల విభాగం
జూన్ 4

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేస్తే "లిఫ్టు గుంతలో ఉన్నానక్కా, సిగ్నల్ లేదు" అంటావు. సిగ్నల్ లేకపోతే ఆ మాట నాకెలా వినపడిందిరా అని అడిగేలోపే పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. జవాబు కూడా కాగితం మీదే రావాలి.

సంగతేంటంటే, మా అధికారి గారికి గదులు సర్దే పిచ్చి పట్టింది. కిటికీ పక్క అలమరలో 'తాబేలు ఓడ' పుస్తకాలున్నాయి కదా, వాటిని కట్టకట్టి గోడౌన్‌కి పంపేసి ఆ చోట రెండు కంప్యూటర్లు పెడతారట. "పాత సరుకండీ, ఎవరు చదువుతారు" అన్నారు. మనిద్దరం జుట్లు పీక్కుని, ఒకే దుప్పటి కింద దూరి చదివిన పుస్తకాలని నా మొహం మీదే సరుకు అనేసరికి ఒళ్ళు మండిపోయింది. ముగ్గురు పిల్లలు తాబేలు వీపు మీద ఇల్లు కట్టుకుని, మాట్లాడే గంటల మేకని వెంటేసుకుని, ఉప్పు రాణి దాచేసిన మంచినీళ్ళ సముద్రం కోసం ఎనిమిది పుస్తకాల పాటు తిరిగారు. వాళ్ళు చివరికి చేరేది గోడౌన్‌కా?

గంటసేపు వాదించాను. ఆయన ఒక మెట్టు దిగి, బల్ల మీద నోటుపుస్తకం పెట్టమన్నారు. రెండు నెలల్లో వంద మంది పాఠకులు ఆ పుస్తకాల గురించి అభిప్రాయం రాస్తే అలమర జోలికి రారట.

వారంలో పదకొండు వచ్చాయి. నాలుగో తరగతి పిల్ల ఒకతి ఇలా రాసింది: "మొదటి పుస్తకంలో ముప్పై పేజీల దాకా ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. బయల్దేరాక మాత్రం అన్నానికి కూడా ఆగరు. ఇది పద్ధతి కాదు." ఒక లారీ డ్రైవరు: "ముగ్గురు పిల్లలు రెండేళ్ళు కనపడకపోతే తల్లిదండ్రులు ఒక్కసారైనా పోలీసు స్టేషన్‌కి వెళ్ళరా? మేక మాట్లాడిందంటే నమ్మాను. ఇది నమ్మలేను." రిటైరైన గుమాస్తా గారైతే తాబేలు వేగం లెక్కగట్టి, మూడో పుస్తకంలో అది నడిచిన దూరానికి డెబ్భై ఏళ్ళు పడుతుందని తేల్చి, మూడు కాపీలు తీసి సంతకం పెట్టి ఇచ్చారు.

పన్నెండోది మాత్రం నా తల తినేస్తోంది. ఎదురు బడిలో లెక్కల టీచరమ్మ రాసింది: "ఎనిమిదో పుస్తకం చివర అంత దుఃఖం పిల్లలకి అవసరమా?" ఏం దుఃఖంరా? గంటల మేక రాజు కావడం దుఃఖమా? పక్కనే ఎర్ర సిరాతో "తప్పు. మేక రాజయింది. సరిగ్గా చదవండి" అని రాశాను. ఆవిడ మర్నాడొచ్చి దాని కింద "మీరు చదవండి" అని రాసిపోయింది. మా గ్రంథాలయంలో ఎనిమిదోది నేను చేరకముందే పోయింది, ఏడే ఉన్నాయి. చూపిద్దామంటే లేదు.

అది నాకు చదివి వినిపించింది నువ్వే కాబట్టి ఒక ముక్క రాసి పంపు. నోటుపుస్తకంలో అతికిస్తాను.

మీ అక్క


మోటారు గది, తొమ్మిదంతస్తుల మేడ పైన
జూన్ 15

అక్కా,

నీ దస్తూరీ చూడగానే, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టానని ఎవరో చెప్పేశారేమోనని గుండె ఝల్లుమంది. కాదని తెలిసి స్థిమితపడ్డాను. చివరి పేరా చదివాక మళ్ళీ ఝల్లుమంది. అది వేరే సంగతి.

నీకు అభిప్రాయాలు కావాలి కదా, ఒకటి పట్టుకొచ్చాను. మొన్న లిఫ్టులో నాలుగో అంతస్తుకీ ఐదుకీ మధ్య ఒక పళ్ళ డాక్టరు గారు ఇరుక్కుపోయారు. లోపల చీకటి. ఆయన ఊపిరి ఎగపీలుస్తున్నారు. ఇరుక్కున్నవాళ్ళని మాటల్లో పెట్టాలని మా లిఫ్టు మెకానిక్కులకి ట్రైనింగ్‌లో చెప్తారు. తలుపు సందులోంచి "మీరు తాబేలు ఓడ చదివారా సార్" అని అడిగాను. ఆయన టక్కున ఊపిరి మామూలుగా పీల్చారు.

"చదవకేం, ఉప్పు రాణికి అన్యాయం జరిగింది" అన్నారు లోపల్నించి.

"ఏం అన్యాయం సార్?"

"సముద్రం మంచినీళ్ళయిపోతే ఆవిడ రాజ్యం కరిగిపోదా? ఆవిడ బాధ ఒక్కరైనా అడిగారా? మేక అడిగిందా?"

ఇంకో మాట కూడా అన్నారు. ఆ పుస్తకాల్లో ఓడదొంగలు బంగారు నాణేల్ని పంటితో కొరికి చూస్తుంటారు కదా, అది చదివి అలాగే కొరికిన ఒక మనిషికి ఈయనే రెండు పళ్ళు కట్టారట. ఆ పుస్తకాల వల్ల తన వృత్తికి మేలు జరిగిందని రాసుకోమన్నారు. ఎనిమిదో పుస్తకం చివర గురించి కూడా ఏదో మొదలుపెట్టారు గానీ అప్పుడే మోటారు ఆన్ చేశాను. చప్పుడులో వినపడలేదు.

లెక్కల టీచర్లతో పంతాలెందుకక్కా? వాళ్ళు ఊరుకోరు. "ఎవరి అభిప్రాయం వాళ్ళది" అని రాసేసి వదిలెయ్. బావగారి నడుం నొప్పి ఎలా ఉంది? వానలు బాగా పడుతున్నాయా?

నీ తమ్ముడు


గ్రంథాలయం
జూన్ 24

తమ్ముడూ,

బావగారి నడుం గురించి, వానల గురించి నువ్వెప్పుడు అడిగావురా? ఒక్క ముక్క రాయమన్నాను. రెండు పేజీలు రాసి ఆ ముక్క తప్ప అన్నీ రాశావు.

ఇప్పుడు వ్యవహారం ముదిరింది. నిన్న టీచరమ్మ నలుగురు పిల్లల ముందు నన్ను నిలదీసింది. "మేక రాజవడం మీ కళ్ళతో చదివారా?" అంది. నేను అబద్ధం ఆడలేను కదా. చిన్నప్పుడు కళ్ళకలక వచ్చి రెండు కళ్ళకీ మందు పెట్టి కట్టు కట్టారని, పన్నెండు రోజులు మంచం మీదే ఉన్నానని, మా తమ్ముడు పక్కన కూర్చుని చదివాడని చెప్పాను. "ఓహో, విన్నారన్నమాట" అంది. ఆ 'ఓహో' వినుంటే నీకూ కోపం వచ్చేది. "నేను చెప్పింది తప్పయితే మేక కొమ్ములు పెట్టుకుని, మెడలో గంట కట్టుకుని రోజంతా ఈ బల్ల దగ్గర కూర్చుంటాను" అనేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాలుగో తరగతి పిల్ల ఇంటికెళ్ళి అట్టతో కొమ్ములు చేసి తెచ్చేసింది కూడా. నా తలకి సరిగ్గా సరిపోయాయి.

నాకు ప్రతి మాటా గుర్తుంది. మేక మెడలో గంట తీసి కిరీటంలో పొదుగుతారు. ఉప్పు రాణి బుద్ధి తెచ్చుకుని మిఠాయి కొట్టు పెట్టుకుంటుంది. తాబేలుకి పెన్షన్ వస్తుంది. రాజైన మేక సింహాసనం ఎక్కి వేసిన మొదటి శాసనం ఏమిటి? "ఇంట్లో చిన్నవాళ్ళు గిన్నెలు కడగరాదు, ఆ పని పెద్దవాళ్ళదే." అంత గొప్ప పుస్తకంలో ఉందంటే ఏదో అర్థం ఉండే ఉంటుందని, లేచి తిరగడం మొదలుపెట్టిన రోజు నుంచి నీ వంతు గిన్నెలు కూడా నేనే కడిగాను. పెళ్ళయ్యేదాకా కడిగాను.

ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడికొచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఈ ముగింపే చెప్పాను. ఆ లారీ డ్రైవరు ఒకప్పుడు నా దగ్గర కథ విన్న పిల్లాడే. లారీ వెనక కిరీటం పెట్టుకున్న మేక బొమ్మ వేయించుకున్నాడు. మొన్న తీసుకొచ్చి చూపించి, "ఇదే కదండీ మేడం?" అన్నాడు. ఇదే అన్నాను.

నీళ్ళు నమలకుండా రాయి. అవునా, కాదా?

అక్క


ఇంట్లో, వంటింటి బల్ల మీద
జూలై 6

అక్కా,

అవును, కాదు అని తేల్చి చెప్పడానికి ఇదేమైనా లిఫ్టా, పైకో కిందకో వెళ్ళడానికి?

పుస్తకాలకి ప్రచురణలు వేరువేరుగా ఉంటాయి. ఒక ముద్రణలో మేక రాజవచ్చు, ఇంకో ముద్రణలో కాకపోవచ్చు. కాగితం ఖర్చు తగ్గించడానికి చివరి పేజీలు ఎత్తేస్తారని విన్నాను. టీచరమ్మ దగ్గరున్నది అలాంటిదే అయ్యుండొచ్చు. లేదా ఆవిడకి వేరే మేక గుర్తుండొచ్చు.

ఒక సలహా. పుస్తకం దొరికిన రోజున నీకు జలుబు చెయ్యొచ్చు. గొంతు పోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

ఆ డ్రైవరు బండి మీద బొమ్మ మరీ పెద్దదా? చెరిపితే పోయే రంగేనా?

తమ్ముడు


గ్రంథాలయం
జూలై 19

ఒరేయ్,

పుస్తకం దొరికింది. టీచరమ్మ వాళ్ళ పెద్దనాన్న పుస్తకాలకి అట్టలు కడతారట. ఆయన అటక మీద ఎనిమిదో భాగం ఉంది. వచ్చే శనివారం పదకొండింటికి పిల్లలందరి ముందు చివరి అధ్యాయం చదవాలని తీర్మానించారు. అధికారి గారు అధ్యక్షత వహిస్తారట. ఆయన ఈ మధ్య ఫైళ్ళ కింద ఏదో పెట్టుకుని చదువుతున్నారు. నేను వెళ్తే దాని మీద చెయ్యి అడ్డం పెడుతున్నారు.

అభిప్రాయాలు యాభై ఎనిమిదే అయ్యాయి. గడువు నెలాఖరు దాకానే ఉంది. శనివారం నేను పరువు నిలబెట్టుకుంటే పిల్లలు మిగతావి కూడా రాస్తారు. నేను చెప్పిందంతా వట్టిదని తేలితే ఆ పుస్తకాలని ఎవరు ముట్టుకుంటారు, నా మాట ఎవరు వింటారు?

జలుబు సంగతి చదివాక నాకు అనుమానం వచ్చింది. నువ్వు పుట్టినప్పటి నుంచీ నిన్ను చూస్తున్నాను. ఏదైనా పగలగొట్టిన రోజే నా ఆరోగ్యం గురించి అడుగుతావు. ఏం పగలగొట్టావురా?

అక్క


లిఫ్టు గుంత (నిజంగానే)
జూలై 22

అక్కా,

పై అంతస్తులో కూర్చుని రాద్దామంటే చెయ్యి ఆడలేదు. ఇక్కడైతే ఎవరూ చూడరు.

మేక రాజయిందో లేదో నాకు తెలియదు. ఆ పుస్తకం చివర నేను చదవలేదు.

నీకు పన్నెండో అధ్యాయం దాకా నిజంగానే చదివాను. ఆ పుస్తకం పక్కింటి టైలరు గారి అమ్మాయిది కదా. నీ కట్టు విప్పడానికి ఇంకా నాలుగు రోజులుందనగా వాళ్ళు ఇల్లు మారారు. సామాన్లు బండికెక్కుతుంటే ఆ పిల్ల వచ్చి పుస్తకం పట్టుకుపోయింది. నేను లోపలికొచ్చేసరికి నువ్వు మంచం మీద లేచి కూర్చుని "తర్వాత?" అన్నావు.

పుస్తకం వెళ్ళిపోయిందని చెబుదామనే నోరు తెరిచాను. నీ మొహం చూసి చెప్పలేకపోయాను. గూట్లో చేతికందింది తీశాను. అది నాన్న రైళ్ళ టైం టేబులు. నాలుగు రోజులు నువ్వు విన్న పేజీల చప్పుడు దానిదే. ఒకసారి పొరపాటున "పది నలభైకి" అని పైకి చదివేశాను. "మేకకి పట్టాభిషేకం పది నలభైకా?" అన్నావు. అవునన్నాను.

గిన్నెల శాసనం మాత్రం ఆ క్షణంలో తోచింది. పని చేస్తుందనుకోలేదు. పదేళ్ళు చేసింది.

కట్టు విప్పగానే చెప్పేద్దామనుకున్నాను. కానీ అక్కా, ఆ నాలుగు రోజులూ నువ్వెంత నవ్వావో నీకు తెలియదు. కళ్ళకి కట్టు, మూతి మాత్రం చెవుల దాకా. ఇంట్లో నేను నోరెత్తితే ఎవరో ఒకరు "నువ్వూరుకో" అనేవాళ్ళు. నువ్వు మొదటిసారి "ఊరుకోకు, చెప్పు" అన్నావు. అది వదులుకోలేక ఊరుకున్నాను. తర్వాత నువ్వు గ్రంథాలయంలో చేరావు, పిల్లలకి చెప్పడం మొదలుపెట్టావు. ఇక చెప్పే వీలు లేకుండా పోయింది. ఎనిమిదో పుస్తకం ఎక్కడ కనపడినా పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి.

పళ్ళ డాక్టరు గారు చెప్పింది వినపడకుండా మోటారు ఆన్ చేసింది కూడా కావాలనే.

కొమ్ములు నాకు పంపించు. నేను పెట్టుకుంటాను. వద్దంటే తిట్టు. కానీ తిట్టి ఊరుకోకు, మళ్ళీ రాయి.

తమ్ముడు


గ్రంథాలయం
జూలై 29

తమ్ముడూ,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. చదివి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. సింకులో గిన్నెలున్నాయి. వాటిని చూస్తూ నిన్ను తిట్టాల్సినవన్నీ తిట్టాను. మీ బావగారు ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారు. పదేళ్ళ గిన్నెలతో అన్నాను.

పరువు గురించి రాత్రంతా కాకపోయినా భోజనం పూర్తయ్యేదాకా ఆలోచించాను. జలుబు చేయించుకోవడం గురించి కూడా ఆలోచించాను. దాచను.

శనివారం నలభై మందికి పైగా పిల్లలొచ్చారు. డ్రైవరు వచ్చాడు. టీచరమ్మ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చింది. ఆవిడ గుడ్డ విప్పకముందే నేను లేచి కొమ్ములు పెట్టుకుని, గంట కట్టుకుని, జరిగింది మొత్తం చెప్పేశాను. టైం టేబులు దగ్గరికొచ్చేసరికి టీచరమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. పది నలభై అనగానే ఇక ఆపుకోలేక బయటికి వెళ్ళి నవ్వొచ్చింది.

ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. కొమ్ములు చేసిచ్చిన నాలుగో తరగతి పిల్ల. "అయితే మీరు మాకు అబద్ధం చెప్పారా?" అంది. "అవునమ్మా, నిజమనుకుని చెప్పాను" అన్నాను. ఆ పిల్ల "అయితే నిజంది చదవండి" అంది. టీచరమ్మ పుస్తకం నాకే ఇచ్చింది. నేను చదివాను.

ఆ ముగింపు ఇది. తాబేలు ఇంటి ఒడ్డుకి చేరుతుంది. మాయ వల్ల వచ్చినవేవీ, మేక మాటలతో సహా, మామూలు నేల మీద నిలవవు. అందుకని పిల్లలు మేకని దిగొద్దంటారు. అది సరే అంటుంది. తాబేలు వెనక్కి తిరుగుతుండగా అందరికంటే చిన్నది వీడ్కోలు చెప్పబోయి నీళ్ళలో పడుతుంది. మేక దూకుతుంది, ఫ్రాకు పంటితో పట్టుకుని ఒడ్డు దాకా లాక్కొస్తుంది. ఒడ్డు మీద ఆ పిల్ల "నేను చెప్పేది నీకు అర్థమవుతోందా?" అని అడుగుతుంది. మేక ఆ పిల్ల ఫ్రాకు అంచు నమలడం మొదలుపెడుతుంది. అంతే. అయిపోయింది.

తల మీద కొమ్ములతో, మెడలో గంటతో నేను ఏడుస్తున్నాను. నేను ముక్కు చీదినప్పుడల్లా గంట మోగుతోంది. డ్రైవరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంతలో అధ్యక్షుల వారి కుర్చీ నుంచి వెక్కిళ్ళు వినపడ్డాయి. "నేను ఇంకా ఆరో భాగంలోనే ఉన్నానండీ, ముందే చెప్పేశారు" అన్నారు అధికారి గారు.

ఆ తర్వాత యుద్ధమే. మేక తప్పు చేసిందని సగం మంది, లేదని సగం మంది. మేకకి అర్థమవుతూనే ఉందని, చెప్పలేకపోతోందని ఒకడు. ఆకలేసి నమిలిందని ఇంకొకడు. ఇద్దరూ కలబడితే టీచరమ్మ విడదీసింది. గుమాస్తా గారు మేక ఈదే వేగం లెక్కగట్టారు. నోటుపుస్తకం కోసం అందరూ వరసలో నిలబడ్డారు. సాయంత్రానికి నూట పదమూడు. సగం మంది నీ ముగింపే బాగుందన్నారు. నాలుగో తరగతి పిల్ల రాసింది: "మేడం తమ్ముడు రాసిన దాంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. నాకు నిద్ర పట్టేది. ఇవాళ పట్టదు. రెండూ అలమరలో ఉండాలి." డ్రైవరు బొమ్మ చెరిపించనన్నాడు. కిరీటం దాని కష్టానికి ఇచ్చిందనుకుంటాడట.

అలమర ఉంటుంది. ఇప్పుడు దాంట్లో పుస్తకాల్లేవు, ఏడూ ఎవరో ఒకరు తీసుకెళ్ళారు. ఖాళీ కనపడగానే అధికారి గారికి కంప్యూటర్లు గుర్తొచ్చాయి గానీ, ఏడోది తన సంచిలోనే ఉండటం వల్ల గట్టిగా అనలేకపోయారు.

ఎనిమిదోది దీంతో పంపుతున్నాను. టీచరమ్మ ఇరవై రోజులకి ఇచ్చింది. నేనేం చెప్పానో చదివావు కాబట్టి చదివేశాననుకోకు. నువ్వు పదమూడో అధ్యాయం నుంచి నీ కళ్ళతో చదవాలి. చదివి అభిప్రాయం రాసి పంపాలి. కోపం పోయిందా అని అడగకు. పోతోంది.

అక్క


ఆరో అంతస్తు మెట్ల మీద
ఆగస్టు 17

అక్కా,

భోజనం విరామంలో రోజుకి కాస్త చొప్పున చదివాను. ఇవాళ అయిపోయింది. నోటుపుస్తకంలో అతికించుకోవడానికి వీలుగా ఇది విడిగా రాస్తున్నాను.

'తాబేలు ఓడ', ఎనిమిదో భాగం. పాఠకుడు, లిఫ్టు మెకానిక్.

పదమూడో అధ్యాయంలో ఉప్పు రాణి చేసిన మోసం నేను ఊహించలేదు. నా కథలో ఆవిణ్ణి తొందరపడి మిఠాయి కొట్లో కూర్చోబెట్టాను, అది పొరపాటు. పద్నాలుగు కాస్త సాగింది. పదిహేనులో తుపాను బాగుంది. చివరి అధ్యాయం ఎలా ముగుస్తుందో నాకు ముందే తెలుసు. అయినా మేక దూకేటప్పుడు "వద్దే" అని పైకే అన్నాను. లిఫ్టు కోసం నిలబడ్డ ఆరో అంతస్తు పెద్దావిడ ఎవరు పోయారు నాయనా అని అడిగింది. ఎవరూ పోలేదండీ, ఒక మేక మాట్లాడటం మానేసింది అన్నాను. ఆవిడ నా పక్కన మెట్టు మీద కూర్చుని, ఏ మేక అంది. చెప్పాను. విని, "దానికి అర్థమవుతుందిలే" అంది.

నాకు పన్నెండేళ్ళు కూడా లేనప్పుడు నేను చెప్పిన ముగింపు సరదాగా ఉంటుంది. అందరూ నవ్వుతారు, ఎవరూ తడవరు. ఇది చదివాక నాది మేక గురించి కాదని తెలిసింది. మా అక్క నవ్వడం గురించి. ఆ పని అది చేసింది కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు. పిల్లలు రెండూ చదవచ్చు. ముందు నాది చదవమని మనవి.

ఇంతవరకే అతికించు. కింద రాసేది నీకు.

మేక గురించి ఆలోచిస్తూ ఇవాళ మీటలు తప్పు బిగించాను. మూడు నొక్కితే ఐదుకి వెళ్తోంది. పళ్ళ డాక్టరు గారు ఐదులో దిగి, నా మొహం చూసి, "చివరిదాకా చదివేశారా?" అన్నారు. తలూపాను. ఆయన మెట్ల మీదుగా మూడుకి దిగి వెళ్ళిపోయారు.

తమ్ముడు